జీడిమామిడి పుట్టింటికి

బ్రెజిల్ ప్రయాణంలో నా మొదటి తప్పు కాశీబుగ్గ బస్టాండు దాటకముందే జరిగిపోయింది. స్వెట్టరు కొనుక్కోలేదు. బ్రెజిల్ అంటే నాకు టీవీలో చూసిన ఇసుక, ఎండ, ఫుట్‌బాలు. మా అమ్మ పెట్టెలో ఆరు కాటన్ చుడీదార్లు, రెండు కేజీల జీడిపప్పు, ఒక సీసా ఆవకాయ సర్దింది. 2019 ఆగస్టు మొదటి వారంలో తెల్లవారుజామున సావో పాలోలో దిగేసరికి పళ్లు టకటకలాడాయి. భూమధ్యరేఖకి అవతల ఆగస్టంటే చలికాలమని ఏడో తరగతిలో చదివాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. సావో పాలో ఎత్తు దాదాపు 760 మీటర్లు, అరకు కన్నా కాస్త తక్కువ. అరకు వెళ్తే శాలువా మర్చిపోని మనిషిని, ఆ రోజు విమానాశ్రయంలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాను.

పరీక్షలో రాసింది పెట్టె సర్దేటప్పుడు గుర్తుకురాలేదు. ఈ అధ్యాయం దాని గురించే. విదేశం వెళ్లే మన పిల్లలు అక్కడ ఏం తెలుసుకోవాలో చాలామంది చెబుతారు. ఇక్కడ మనకి ముందే తెలిసినదాన్ని అక్కడికి ఎలా పట్టుకెళ్లాలో ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. ఆరు నగరాలు తిరిగాక తెలిసింది.

నేను వెళ్లింది ఒక్క సెమిస్టరు చదువుకి. ఫుడ్ టెక్నాలజీ. ఉన్నది సావో పాలోకి వంద కిలోమీటర్ల దూరంలోని కాంపీనాస్‌లో. సెలవు దొరికితే బస్సెక్కేదాన్ని.

రంగం వెళ్లినవాళ్ల మనవరాళ్లం

మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి ఊరు దాటడం కొత్త విద్య కాదు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లిన తాతల కథలు మా ఉద్దానంలో ఇంటికొకటి ఉంటాయి. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో మన యాస వినబడుతుంది. మన మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అలా పోయినవాళ్లు పాకిస్తాన్ చేతికి చిక్కారు. ఇరవై మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. అప్పటికి నేను బ్రెజిల్ నుంచి తిరిగొచ్చి రెండు వారాలైంది. నా ప్రయాణం గొప్పది అనుకుంటున్న రోజుల్లో ఆ వార్త చదివి కొంచెం సిగ్గుపడ్డాను.

చదువు కోసం వెళ్లేవాళ్లమని మనం వేరే జాతి అనుకోనక్కర్లేదు. 1913లో బరంపురం కుర్రాడు వి.వి. గిరి న్యాయశాస్త్రం చదవడానికి డబ్లిన్ వెళ్లాడు. 1916లో తిరిగొచ్చేటప్పటికి అతనితో ఐర్లండు కార్మికుల పోరాటం కూడా వచ్చింది. ఆ తరవాత రైల్వే కార్మిక సంఘాల్లో ఆయన చేసిన పని అందరికీ తెలిసిందే. అతనికి పాఠం చెప్పింది తరగతి ఒక్కటే కాదు, ఆ ఊరు కూడా. ఊళ్లు తిరగడాన్ని చదువుకి అడ్డం అనుకునే తల్లిదండ్రులకి ఈ మాట వినిపించండి.

వలస వెళ్లేవాళ్లకి కొన్ని మెలకువలు తెలుసు. పోయిన చోట మనూరి మనిషి ఎవరున్నారో ముందు కనుక్కుంటారు. డబ్బు రెండు చోట్ల దాస్తారు. రెండు రోజులకి సరిపడా అటుకులు మూట కట్టుకుంటారు. నేను వెళ్లిన చోట మనూరి మనిషి లేడు. ఆవు ఉంది. కాంపీనాస్ దాటి బస్సు పల్లెల్లోకి పోతే పచ్చిక బయళ్ల మీద తెల్లగా, మూపురంతో, గంగడోలు ఊపుకుంటూ మందలకి మందలు కనిపించాయి. అవి మన ఒంగోలు జాతి. మన నెల్లూరు పేరే వాళ్ల నోట 'నెలోరి' అయింది. పక్క సీటు పెద్దాయనకి వేలు చూపించి, వచ్చిన నాలుగు ముక్కల పోర్చుగీసులో "ఇవి మా ఆవులు" అన్నాను. ఆయన నన్ను కిందా మీదా చూశాడు. మా దేశంవి అని విడమరిచి చెప్పేసరికి గట్టిగా నవ్వి, దిగేదాకా ఆవుల గురించే మాట్లాడాడు. ఉబెరాబా అనే ఊళ్లో ఏటా మూపురం పశువులకి పెద్ద సంబరం జరుగుతుందనీ, అది చూడకుండా పోవద్దనీ చెప్పాడు. (అది ఏప్రిల్ చివర, మే మొదట్లో జరుగుతుంది. నాకు కుదరలేదు.) ఆ ఆవులు అక్కడ పెరిగేది ముఖ్యంగా మాంసానికే అన్న సంగతి మా అయ్యకి ఇప్పటికీ చెప్పలేదు.

ఆ రోజు నాకు దారి దొరికింది. అంతకుముందు బస్సులో ఎవరితోనైనా "ఈ ఊళ్లో చూడాల్సినవి ఏమున్నాయి" అని అడిగేదాన్ని. పది మాటల్లో సంభాషణ ముగిసేది. మన దగ్గరున్న వస్తువు పేరు చెప్పి అడిగితే గంట నడుస్తుంది.

నోరు మంచిదైతే

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మంచిగా ఉండాలంటే ముందు తెరవాలి కదా. మన పిల్లల అసలు జబ్బు అక్కడ ఉంది. తప్పు మాట్లాడతామేమోనని అసలు మాట్లాడరు. వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకోవడానికి పుస్తకం కోసం ఎదురు చూడలేదు. ఎదురు చూసినా దొరికేది కాదు. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ తరవాత వ్యాకరణం, నిఘంటువు ఆయనే రాశారు. ముందు చెవి, తరవాత నోరు, ఆ తరవాతే పుస్తకం. ఏ భాషకైనా వరస అదే అని నా అనుభవం.

పోర్చుగీసు విషయంలో మనకి ఒక తోడు కూడా ఉంది. అయిదొందల ఏళ్ల కింద ఓడల్లో వచ్చిన ఆ మాటలు మన ఇళ్లలోనే కాపురం పెట్టాయి. వాళ్ల 'తువాల్య' మన తువ్వాలు. 'అర్మారియు' మన అల్మారా. 'బొతావ్' అంటే బొత్తాం. 'మెస్త్రి' మన తాపీ మేస్త్రీయే. బకెట్టుని వాళ్లు 'బౌజి' అంటారు. అది మన బాల్చీ అని పోల్చుకోవడానికి నాకు నెల పట్టింది, ఎందుకంటే బ్రెజిల్ వాళ్లు 'ద' ని సగం చోట్ల 'జ' చేసేస్తారు. ఈశాన్య రాష్ట్రాల్లో కరువు ఊళ్లకి నీళ్లు తెచ్చే ట్యాంకరు పేరు 'కాహు పిపా'. పీపా బండి! మేముండే ఇంటావిడ దగ్గర ఈ మాటలన్నీ ఒక కాగితం మీద రాసుకుని చదివితే, ఆవిడ పక్కింటావిణ్ని కూడా పిలిచి మళ్లీ చదివించింది.

రెండు జాగ్రత్తలు. కృతజ్ఞత చెప్పేటప్పుడు మగవాళ్లు 'ఒబ్రిగాదు' అంటారు, ఆడవాళ్లు 'ఒబ్రిగాద' అంటారు. అది ఎదుటి మనిషిని బట్టి కాదు, చెప్పేవాళ్లని బట్టి. రెండోది, కాగితం మీది అక్షరాన్ని నమ్మకండి. మాట మొదట్లో ఉన్న 'ర' ని వాళ్లు 'హ' అని పలుకుతారు. నాటాల్ బస్టాండులో నేను రెసీఫె బస్సు కోసం కూర్చున్నాను. మైకులో "హెసీఫి, హెసీఫి" అని మూడుసార్లు అరిచారు. పాపం ఆ హెసీఫి వాళ్లెవరో త్వరగా రాకూడదా అనుకున్నాను. బస్సు వెళ్లిపోయింది. తరవాతి బస్సుకి మూడు గంటలు ఆగాను.

కాగితాల సంగతి

ఇది త్వరగా ముగించేద్దాం, విసుగ్గా ఉంటుంది. కానీ తప్పితే మిగతాదంతా వృథా.

విద్యార్థి వీసాతో బ్రెజిల్‌లో దిగిన 90 రోజుల్లోపు ఫెడరల్ పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. వాళ్లొక గుర్తింపు కార్డు ఇస్తారు. ఆలస్యమైతే జరిమానా. నేను చాలా రోజులుందిలే అనుకుని 83వ రోజున వెళ్లాను, వరస చూసి గుండె జారింది. రెండోది సీపీఎఫ్ అనే పన్ను నంబరు. మన పాన్ లాంటిదే గాని సిమ్ కార్డు కొన్నా, మందులు కొన్నా, బస్సు టికెట్ ఆన్‌లైన్లో తీసినా అదే అడుగుతారు. మొదటి వారంలోనే తీసుకోండి. 2020 నవంబరులో వాళ్లకి పిక్స్ అనే చెల్లింపు పద్ధతి వచ్చింది, అచ్చం మన యూపీఐ. దానికి బ్యాంకు ఖాతా కావాలి, ఖాతాకి మళ్లీ సీపీఎఫ్ కావాలి.

జ్వరమొస్తే భయపడొద్దు. సూస్ అనే ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ విదేశీయులకి కూడా ఉచితం. విద్యార్థి కార్డు చూపిస్తే సినిమాకీ, ఆటకీ, కచేరీకీ సగం టికెట్ చట్ట ప్రకారం ఇస్తారు. అడగడానికి మొహమాటపడి రెండు నెలలు పూర్తి టికెట్ కొన్నాను.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం ఇక్కడే, బయల్దేరడానికి కనీసం పది రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు అడిగేది వాళ్లు కాదు, తిరిగొచ్చేటప్పుడు మనవాళ్లే. లేకపోతే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు.

వీరాస్వామి గారి లెక్క

ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరారు. వచ్చేటప్పుడు జగన్నాథం మీదుగా గంజాం దాటి మన ప్రాంతం గుండానే వెళ్లారు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర' మనలో చాలామందికి పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. విదేశం వెళ్లే విద్యార్థికి అంతకన్నా పనికొచ్చే పుస్తకం నాకు కనపడలేదు. ఎందుకంటే ఆయన ఏ మజిలీలో దిగినా దేవుడి సంగతి ఒక్కటే రాయలేదు. ఊళ్లో ఇళ్లెన్ని, బావిలో నీళ్లు ఎలాంటివి, అంగట్లో ఏం దొరుకుతుంది, దారి ఇసకా రాయా, దిగడానికి నీడ ఉందా అని రాశారు. ఊరిని చూడటమంటే అదీ.

నేను దాన్ని నాలుగు మాటలకి కుదించుకున్నాను: ధర, దూరం, నీళ్లు, మనిషి. ఏ నగరం వెళ్లినా రాత్రి పడుకునే ముందు ఈ నాలుగింటి కింద నాలుగేసి వాక్యాలు రాయాలి. ఫొటోలు ఎన్ని తీసుకున్నా ఇది మానకూడదు. నా ఫోనులో రియో ఫొటోలు రెండొందల చిల్లర ఉన్నాయి. కొండ మీద చేతులు చాపి నిలబడ్డ 30 మీటర్ల క్రీస్తు విగ్రహం వాటిలో నలభై సార్లు ఉంది. 1931 నుంచి అది అక్కడే ఉంది, నేను తీయకపోయినా ఎవరో తీస్తారు. ఈ రోజు వాటిలో ఏ ఒక్కటీ నాకేమీ చెప్పదు. నోట్సులో మాత్రం ఆ రోజు 'మనిషి' కింద ఇలా ఉంది: కోపకబానా ఇసకలో మొక్కజొన్న కండెలు ఉడకబెట్టి అమ్మే ముసలాయన, ఉప్పు నీళ్లు వేరే డబ్బాలో ఉంచుతాడు, ఊరు ఇక్కడ కాదట, ఈశాన్యం నుంచి బస్సులో మూడు రోజులు వచ్చాడట. అది చదివితే ఆయన ముఖం, ఆ సాయంత్రం, మా ఊరి నుంచి విశాఖ బీచికి వెళ్లి ముంత మసాలా అమ్మే చిన్నాన్న అన్నీ కనిపిస్తాయి.

సావో పాలో పేజీలో 'ధర' కింద కిలో లెక్క భోజనం ఉంది. అక్కడి హోటళ్లలో పళ్లెం నిండా మనమే వడ్డించుకుని తూకం వేయించుకోవాలి. అన్నం, చిక్కుడుగింజల పులుసు రోజూ దొరుకుతాయి కాబట్టి మనవాళ్లు పస్తుండరు. అప్పట్లో వాళ్ల ఒక రియల్ మన పదిహేడు, పద్దెనిమిది రూపాయలు. ఆ లెక్క వేసుకుంటూ తింటే ముద్ద దిగదు. మొదటి నెల వేసుకోండి, తరవాత మానేయండి. మాంసం తినని వాళ్లు 'కార్ని వద్దు' అంటే సరిపోదు. కార్ని అంటే వాళ్ల మనసులో గొడ్డుమాంసం. కోడి, చేప పెట్టేస్తారు, పులుసులో పంది ముక్క ఉంటుంది. ఒక్కొక్కటీ పేరు పెట్టి వద్దనాలి.

జాగ్రత్తల గురించి ఆడపిల్లల తల్లులు నన్ను ఎక్కువ అడుగుతారు. పెద్ద నగరాల్లో దొంగతనాలున్నాయి, లేవని చెప్పను. రోడ్డు మీద నడుస్తూ ఫోను చూడొద్దు, దుకాణంలోకి వెళ్లి చూడాలి. రాత్రి ఒక్కళ్లే నడవొద్దు. డబ్బు మూడు చోట్ల ఉండాలి. శ్రీకాకుళం బజారుకి పోతే నోట్లు జాకెట్లో, చిల్లర కొంగుముడిలో, బస్సు చార్జీ చేతిలో పెట్టుకునే మా పెద్దప్పకి ఈ చదువు ఎవరూ చెప్పలేదు. ఎవరైనా అడ్డగించి ఫోను అడిగితే ఇచ్చేయండి. నా క్లాసు అమ్మాయి ఇవ్వనని పెనుగులాడి చెయ్యి విరగ్గొట్టుకుంది.

బొబ్బర్ల గారె

సాల్వడోర్ పేజీలు నా నోట్సులో పదకొండున్నాయి. 1549 నుంచి 1763 దాకా బ్రెజిల్‌కి అదే రాజధాని. ఊరు రెండు అంతస్తులుగా ఉంటుంది. సముద్రం పక్కన కింది ఊరు, కొండ మీద పై ఊరు, మధ్యలో 1873 నుంచి నడుస్తున్న లిఫ్టు. ప్రజలు బస్సెక్కినట్టు ఆ లిఫ్టెక్కి ఆఫీసులకి పోతారు.

పై ఊళ్లో ఒక మూల తెల్లటి గేరు లంగా, తెల్లటి తలపాగా కట్టుకున్న పెద్దావిడ మూకుడు ముందు కూర్చుంది. ఎర్రటి నూనె సలసలా కాగుతోంది. పిండిని చెక్క గరిటెతో లేపి లేపి కొడుతోంది. ఆ కొట్టే తీరు చూసి నా కాళ్లు ఆగిపోయాయి. పండగ రోజు మా అమ్మ గారెల పిండి అలాగే కొడుతుంది. దగ్గరికెళ్లి చూస్తే బొబ్బర్లు! నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ, ఉప్పు వేసి రుబ్బి, తాటిజాతి చెట్టు నుంచి తీసే దెందే నూనెలో వేయిస్తున్నారు. పేరు అకారాజే. మధ్యకి చీల్చి, రొయ్యలూ, బెండకాయ కూరా కూరి ఇస్తారు. నేను "రొయ్యలు వెయ్యొద్దు, ముందు ఉత్తిది ఇవ్వండి" అన్నాను. ఉత్తిదెందుకని ఆవిడ అడిగింది. మా ఇంట్లో ఇదే చేస్తామని, ఉత్తిదే తింటామని చెప్పాను. నమ్మలేదు. ఫోనులో మా అమ్మ చేసిన గారెల ఫొటో చూపించాను. ఆవిడ చేతులు తుడుచుకుని ఫోను తీసుకుని, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "నూనె తక్కువ వేసింది" అంది.

ఆ వంట పశ్చిమ ఆఫ్రికాది. బానిసలుగా ఓడల్లో తెచ్చిన ఆడవాళ్లతో వచ్చింది. ఆవిడ కూర్చున్న పేట పేరు పెలోరిన్యు, అంటే కొరడా దెబ్బలు కొట్టే రాటకొయ్య. అమెరికా ఖండాల్లో బానిసత్వాన్ని అందరికన్నా ఆఖర్న, 1888లో రద్దు చేసింది బ్రెజిల్. 2005లో ఆ దేశం ఈ అకారాజే అమ్మే ఆడవాళ్ల వృత్తిని జాతి వారసత్వంగా గుర్తించింది. ఈ రెండు సంవత్సరాల మధ్య ఎంత కథ ఉందో ఆ మూకుడు ముందు నిలబడి విన్నాను. అర్థమైంది సగమే. కొత్త ఊళ్లో రంగురంగుల మేడలు చూసి మురిసిపోయేటప్పుడు ఆ పేట పేరుకి అర్థమేమిటని అడగండి. చాలా ఊళ్లు వాటి బాధని పేర్లలో దాచుకుంటాయి.

ఒక్క చెట్టు

జీడిమామిడి మనది అనుకుంటూ పెరిగాను. మా ఇంటి వెనక అరెకరం తోట. ఊళ్లో ఆడవాళ్లంతా పలాస బట్టీలకి పోయి పిక్కలు కొట్టి, తొక్క తీసి, పప్పు ఏరి ఇల్లు నడిపేవాళ్లే. జీడి రసం అంటి అమ్మ వేళ్లు నల్లబడి ఉండేవి. పెళ్లికి వెళ్లేముందు కొబ్బరినూనె రాసి రాసి రుద్దుకునేది. మూడొందల ఇరవై రకం అంటే పౌనుకి మూడొందల ఇరవై గింజలు తూగేదని నాకు అంకెలు సరిగ్గా రాకముందే తెలుసు. ఆ చెట్టు ఈశాన్య బ్రెజిల్‌ది. అక్కడి తూపి జనం పెట్టుకున్న పేరు పోర్చుగీసు నోట 'కాజు' అయింది. పోర్చుగీసువాళ్లే పదహారో శతాబ్దంలో మన పడమటి తీరానికి తెచ్చారు. మన పెద్దలు దానికి తమకి తెలిసిన రెండు చెట్ల పేర్లు, జీడినీ మామిడినీ, కలిపి పేరు పెట్టేశారు.

ఫోర్తలేజాలో దిగేసరికి అక్టోబరు చివర. మన దగ్గర మార్చి నుంచి మే దాకా వచ్చే కాపు అక్కడ అప్పుడు మంచి ఊపు మీదుంది. బజారులో పండు అమ్ముతున్నారు! గింజ కాదు, పండు. పండు రసం, పండు మురబ్బా, ఎండబెట్టిన పండు. పక్క రాష్ట్రం పియావీలో పండు రసాన్ని వడగట్టి, సీసాల్లో పోసి కాస్తారు. మా తోటలో పిక్క తుంచుకుని పండు పారేస్తాం, పశువులు కూడా ఒకటి తిని రెండోది వదిలేస్తాయి. మనం పారేసేదే వాళ్లకి పంట. ఫుడ్ టెక్నాలజీ చదివే మనిషిని, పలాస పక్క పుట్టినదాన్ని. నాకిది తెలియడానికి రెండు సముద్రాలు దాటాల్సొచ్చింది.

అక్కణ్నించి నాటాల్. ఆ నగరానికి కొద్ది దూరంలో పిరాంజి అనే సముద్రపు ఊళ్లో ఒకే ఒక్క జీడిమామిడి చెట్టు ఉంది. 1888లో ఒక జాలరి నాటాడని చెబుతారు. దాదాపు 8,500 చదరపు మీటర్లు అల్లుకుంది, అంటే రెండెకరాల పైమాట. మామూలు చెట్లు డెబ్బయి కలిపితే ఎంతో అంత. దాని కొమ్మలు పైకి పోవు, పక్కకి పోతాయి. బరువుకి వంగి నేలకి తగిలిన చోట వేరు దిగి, మళ్లీ లేచి, మళ్లీ వంగి, అలా వీధి దాకా వచ్చేసింది. లోపల నడవడానికి చెక్కల బాట వేశారు. తోటలోకి వెళ్తున్నాననుకుని చెట్టులోకి వెళ్లాను.

అంతకు ఏడాది ముందు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుపాను మా ఉద్దానం మీద తీరం దాటింది. పొద్దున్న లేచి చూస్తే మా అరెకరంలో నిలబడ్డ చెట్టు లేదు. కొబ్బరి, పనస, జీడి అన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి పడుకున్నాయి. మా అయ్య మూడు రోజులు మాట్లాడలేదు.

చెక్కల బాట మీంచి అమ్మకి వీడియో కాల్ చేశాను. నాకు పొద్దున పది, ఆవిడకి సాయంత్రం ఆరున్నర.

"ఓలమ్మా! ఇదంతా ఒకటే సెట్టేటే?"

"ఒకటేనమ్మా."

"అయితే ఆ ఊరికి తుపాను రాదేటి?"

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. వెళ్లి టికెట్ల దగ్గరి అబ్బాయిని అడిగాను. తుపాను అనే మాట చేతులు తిప్పి, నోటితో ఊది చూపిస్తే గాని అర్థం కాలేదు. రాదన్నాడు, వాళ్ల తాత కూడా చూడలేదన్నాడు. తరవాత చదివి తెలుసుకున్నాను. దక్షిణ అట్లాంటిక్‌లో నీరు మన బంగాళాఖాతమంత వేడెక్కదు, పైగాలులకీ కింది గాలులకీ తేడా ఎక్కువ, సుడి నిలబడదు. ఆ తీరంలో హరికేన్ అంతటి గాలివాన నమోదైంది ఒక్కసారే, 2004 మార్చిలో, అదీ అక్కడికి ఎంతో దూరాన దక్షిణాన. చెట్టు అంత పెరగడానికి కారణం దాని జాతి మాత్రమే కాదు. నూట ముప్పై ఏళ్లు దాన్ని ఎవరూ పడగొట్టలేదు.

ఆ సెమిస్టరులో ప్రొఫెసర్లు, నేను, నా తోటి విద్యార్థులు వేసుకున్న ప్రశ్నలన్నిటిలో నాకు ఎక్కువ నేర్పింది పలాస బట్టీలో పనిచేసే మా అమ్మ వేసిన ఆ ఒక్క ప్రశ్న. నా తుది రిపోర్టు జీడిపండు రసం మీద రాశాను. అందులో ఒక పేజీ తుపాను మీద ఉంది.

డిసెంబరులో ఆఖరి మజిలీ బ్రసీలియా. ఖాళీ నేల మీద నాలుగేళ్లలో కట్టి 1960 ఏప్రిల్ 21న తెరిచిన రాజధాని. పైనుంచి చూస్తే విమానం ఆకారం. వీధులకి పేర్లుండవు, అక్షరాలూ అంకెలే. చిరునామా చదివితే లెక్కల పుస్తకం చదివినట్టుంటుంది. కార్లకి కట్టిన ఊరు, నడిచేవాళ్లకి కాదు. అరగంట నడిచినా ఎదురుగా కనిపించే భవనం దగ్గరికి రాలేదు. హాస్టల్లో ఒకతను మీ రాష్ట్ర రాజధాని ఏదని అడిగాడు. ఆ వారమే మన దగ్గర మూడు రాజధానుల మాట మొదలైంది. ఏం చెప్పాలో తెలియక "ఇంకా చూస్తున్నాం" అన్నాను.

మీకు ఒక పని

ఇప్పుడు విజయనగరంలో పాఠాలు చెబుతున్నాను. విదేశం వెళ్తున్నామని వచ్చే పిల్లలు, ఎచ్చెర్ల వాళ్లయినా, సాలూరు వాళ్లయినా, ముందు అడిగేది పెట్టెలో ఏం పెట్టుకోవాలనే. స్వెట్టరు అని చెప్పి, వెంటనే ఒక ప్రశ్న వేస్తాను. మీ ఊళ్లో వారపు సంత ఏ రోజు? అందులో మీ ఊరి సరుకేది, బయట నుంచి వచ్చే సరుకేది? పదిమందిలో ఏడుగురికి తెలియదు. తన ఊరిలో ఏముందో తెలియనివాడికి పొరుగూరిలో పోల్చుకోవడానికి ఏం దొరుకుతుంది?

కాబట్టి పాస్‌పోర్టు చేతికొచ్చిన వారంలోనే ఒక రోజు మీ ఊరి సంతకో, చేపల రేవుకో, బస్సు కాంప్లెక్సుకో వెళ్లండి. తెల్లవారుజామున అయిదింటికే వెళ్లాలి, సరుకు దిగేటప్పుడు. ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను. ధర, దూరం, నీళ్లు, మనిషి. ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు. ఇంటికొచ్చి మీ అమ్మకి చదివి వినిపించండి, ఆవిడ వేసే ప్రశ్నలన్నీ ఆ పేజీ అడుగున రాసుకోండి. ఆ పుస్తకాన్నే మీతో తీసుకెళ్లండి, కొత్తది కొనొద్దు.

పసుపు కార్డు మాత్రం పాస్‌పోర్టుతోపాటే చేతి సంచిలో ఉండాలి, పెట్టెలో కాదు.